ఆరు నిమ్మకాయలు, పిండి

ఆ ఉదయానికి వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఏడింటికి కామాగారి భార్యా, అత్తగారూ బయటికి వెళతారు. వాళ్ళు వెళ్ళాక కామాగారు తెల్లబట్టలు ఉతికి ఆరేస్తారు. పదకొండింటికి ప్రెస్సులో అత్తగారి పుస్తకం మిషన్ ఎక్కుతుంది. నాలుగింటికి ఆ ప్రెస్సు వరండాలోనే పాతిక కుర్చీలు వేసి పుస్తకం విడుదల చేస్తారు. ఇంత పనిలో కామాగారి వంతుకు వచ్చింది ఒక్క బకెట్టు. ఒక్క బకెట్టుతో మనిషి ఎంతని కొంప ముంచగలడులే అని ఇంటావిడ ధైర్యం చేసింది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా ఆవిడకు మొగుడి మీద నమ్మకం పూర్తిగా పోలేదు. ఆవిడలో వంక పెట్టడానికి ఉన్నది అదొక్కటే.

కామాగారన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నారు. ఒత్తు జారినా, దీర్ఘం ఎగిరిపోయినా, 'ళ'కు బదులు 'ల' పడినా ఆయన కంటబడకుండా తప్పించుకున్న దాఖలా లేదు. కాకపోతే కామాల దగ్గరికి వచ్చేసరికి ఆయనది కాస్త ధారాళమైన చెయ్యి. వాక్యం ఊపిరి పీల్చుకోవాలి అంటారు. పీల్చుకోనక్కర్లేని వాక్యాన్ని కూడా నిలబెట్టి మరీ పీల్పిస్తారు. ఒకసారి ఇంటావిడ పాలవాడికి 'అరలీటరు పాలు చాలు' అని చీటీ రాసి తలుపుకు అంటిస్తే, ఆఫీసుకు పోతూ పోతూ ఈయన దాన్ని 'అర, లీటరు పాలు చాలు' అని దిద్ది వెళ్ళారు. పాలవాడు లీటరున్నర పోసి పోయాడు. ఆ పూట నుంచి ఇంట్లోనూ వీధిలోనూ ప్రెస్సులోనూ ఆయన కామాగారే.

ఇక అత్తగారు. ఆవిడ ముప్పై రెండేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేసి దిగారు. దిగి ఎన్నాళ్ళయినా మేట్రన్‌గారు మేట్రన్‌గారే. రెండొందల మంది పిల్లల బట్టలు, గిన్నెలు, గచ్చులు, కిటికీ అద్దాలు. పైనుంచి వచ్చే సబ్బు నెలలో పదో తారీకుకే కరిగిపోయేది. మిగతా ఇరవై రోజులూ ఆవిడే సబ్బు తురిమి, సోడా కలిపి, ఏదో ఒకటి కాచి, ఆ పిల్లల్ని మల్లెపువ్వుల్లా బడికి పంపేవారు. ఆ పిల్లలిప్పుడు ఇళ్ళవాళ్ళయ్యారు. "మేట్రన్‌గారూ, సిరా మరక ఎలా పోతుంది?", "మేట్రన్‌గారూ, మాడిన గిన్నెకేం చెయ్యాలి?" అని రోజూ ఫోన్లే. చెప్పీ చెప్పీ విసిగి, ఆ చిట్కాలన్నీ ఒక నోటుబుక్కులో రాశారు. 'మన సబ్బు మన ఇంట్లోనే' అని పేరు పెట్టారు. అచ్చులో నలభై ఎనిమిది పేజీలు వచ్చింది.

ఆవిడ మాట్లాడినట్టే రాస్తారు. అంటే ఎక్కడా ఆగరు. చుక్కలు, గీతలు ఆవిడకు గిట్టవు. అలాంటి నోటుబుక్కును తెచ్చి అల్లుడి చేతిలో పెట్టి ఒక్క మాటన్నారు.

"అల్లుడుగారూ, ఇందులో ఒక్క ముక్క తప్పు పడిందంటే రెండొందల ఇళ్ళలో బట్టలు పాడవుతాయి. వాళ్ళంతా నా పిల్లలు. ముప్పై రెండేళ్ళు సంపాదించుకున్న పరువు మీ చేతిలో పెడుతున్నాను."

ఇరవై ఆరేళ్ళలో అత్తగారు అల్లుడి చేతిలో టీ గ్లాసు తప్ప ఇంకేదీ పెట్టి ఎరగరు. కామాగారికి గుండె ఉప్పొంగింది. భయం కూడా వేసింది. ప్రెస్సువాళ్ళిచ్చిన ఒక్క ప్రూఫునే మూడుసార్లు దిద్దారు. ఎర్ర ఇంకు సీసా ఒకటి అయిపోయింది. దిద్దిన ప్రూఫు నిన్న సాయంత్రమే డీటీపీ చేసే ఆవిడకు ఇచ్చి వచ్చారు. ఆయనకొక అలవాటుంది. ప్రెస్సుకిచ్చిన ప్రతిలో చేసిన దిద్దుబాట్లన్నీ ఇంకో ప్రతిలో కూడా ఎక్కించి, ఇంట్లో దాచుకుంటారు. అచ్చయిన పుస్తకం మాత్రం చచ్చినా తెరవరు. తెరిస్తే తప్పు కనబడుతుందేమో, కనబడితే ఇక దిద్దడానికి ఉండదని ఆయన బెంగ.

సరే, ఆ పొద్దున ఇంటావిడ చెప్పులు తొడుక్కుంటూ అప్పగింతలు పెట్టింది.

"అమ్మ తెల్లకోటు బకెట్లో వేశాను. సాయంత్రం అదే వేసుకుని కూర్చుంటానంటోంది, మేట్రన్ కోటు. టేబుల్ మీద పరిచే గుడ్డ కూడా ఉంది. సబ్బుపొడి అయిపోయింది, కిందకెళ్ళి ఒక పేకెట్టు తెచ్చుకోండి. ఉతకండి, ఆరేయండి. ఇంకేం చెయ్యకండి."

"ఇంకేం చేస్తాను?"

"అదే, ఏం చెయ్యకండి అంటున్నా."

మేట్రన్‌గారు మెట్లు దిగుతూ వెనక్కి తిరిగారు. "పాత పిల్లల ఇళ్ళకు వెళ్ళి ఓసారి గుర్తుచేసి, అటునించి అటే ప్రెస్సుకు పోతాం. మిషన్ తిరగడం నేను కళ్ళారా చూడాలి. కోటు మీరు తర్వాత తీసుకురండి."

తలుపేసుకున్నాక కామాగారు నిలబడి ఆలోచించారు. ఇంట్లో సబ్బు చేసే పుస్తకం పెట్టుకుని అంగట్లో పొడి కొనడమా? రేపు అత్తగారికి తెలిస్తే ఏమనుకుంటారు? రాసిన ఆవిడ అల్లుడే నమ్మకపోతే ఊళ్ళోవాళ్ళెలా నమ్ముతారు? ఆయన తన ప్రతి తీసి వంటింటి గట్టు మీద పెట్టుకుని, పన్నెండో పేజీ తెరిచారు.

చెప్పకేం, మొదటి భాగం దివ్యంగా జరిగింది. రెండు బట్టల సబ్బులు తురుముపీట మీద తురిమారు. వేడినీళ్ళలో వేసి కరిగేదాకా కలిపారు. అరకప్పు బట్టల సోడా వేశారు. చల్లారేసరికి చిక్కటి పాల రంగులో, మంచి వాసనతో, అసలైన ఉతుకునీళ్ళు తయారయ్యాయి. కోటు, టేబుల్ గుడ్డ ఉతికారు. సంతోషం ఆగక తన తెల్ల ప్యాంట్లు మూడూ, చొక్కాలు మూడూ కూడా తెచ్చి అందులో వేసి ఉతికారు. కామాగారు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ తెలుపు తప్ప కట్టరు, కాబట్టి వాటితో ఆయన బీరువా ఖాళీ అయింది. ఇంట్లో తిరిగే పూలనిక్కరు ఒకటి ఒంటి మీద మిగిలింది. బట్టలు తళతళలాడుతున్నాయి. అక్కడితో ఆపి ఉంటే ఎవరికీ ఏ బాధా లేకపోయేది.

కానీ పన్నెండు తర్వాత పద్నాలుగు కూడా ఉంది. 'తెల్లబట్టల మెరుపునీళ్ళు' అని శీర్షిక. కింద ఆయన స్వహస్తాలతో దిద్దిన వాక్యం: 'బకెట్టు వేడినీళ్ళలో ఆరు నిమ్మకాయలు, పిండి కలిపి, తెల్లబట్టలు అరగంట నానబెట్టి, ఆరేయాలి.'

నిమ్మకాయలు గంపలో ఉన్నాయి. ఏ పిండి అన్నది రాయలేదు. రాయలేదంటే ఏదైనా ఫరవాలేదన్నమాటే. మేట్రన్‌గారు అనవసరంగా ఒక్క మాట ఖర్చుపెట్టే మనిషి కాదు. డబ్బాలో మైదా ఉంది. ఎంత అన్నదీ లేదు. ఆరు నిమ్మకాయలకు ఆరు కప్పులు, న్యాయంగా ఉంటుందని కామాగారు తీర్మానించారు. నిమ్మకాయలు కోయమని కూడా లేదు, అందుకని అవి అలాగే గుండ్రంగా వేశారు.

మరుగుతున్న నీళ్ళలో ఆరు కప్పుల మైదా పడితే ఏమవుతుందో వంటింట్లో ఒక్కరోజు నిలబడ్డవాళ్ళెవరైనా చెబుతారు. కామాగారు నిలబడలేదు. మొదట ఉండలు కట్టింది. తర్వాత చిక్కబడింది. ఆ తర్వాత కలిపే కర్ర వదిలేస్తే పడిపోకుండా దానంతటదే నిలబడింది. నిమ్మకాయలు సగం మునిగి ఆయన వంకే చూస్తున్నాయి. ఆయన చొక్కా లేని ఒళ్ళంతా చెమటలు కారుతుండగా రెండు చేతులా తిప్పారు. 'ముప్పై రెండేళ్ళు ఇది తిప్పారంటే, అబ్బ, ఏం మనిషి' అనుకున్నారు. అత్తగారంటే ఎప్పుడూ లేనంత గౌరవం కలిగింది. కళ్ళు చెమర్చాయి కూడా.

అరగంట నానాక బట్టలు తీస్తే ఒక్కొక్కటీ శేరు పిండి మోస్తూ వచ్చింది. కాస్త పిండి ఆరేద్దామా అని ఆయనకొక అనుమానం వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని పేజీ మళ్ళీ చూశారు. పిండమని ఎక్కడా లేదు. నానబెట్టి, ఆరేయాలి, అంతే. పుస్తకంలో లేని పని చేసే మనిషి కాదాయన. తాడు మీద చోటు చాలక మేట్రన్‌గారి కోటును బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీకి తొడిగి, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద సర్దారు.

ఇంతలో ఇంటావిడ ఫోను.

"ఉతికారా?"

"ఉతకడమేమిటి, మెరుపు కూడా పెట్టాను."

"మెరుపేమిటి?"

"సాయంత్రం చూద్దువుగాని."

"ఏమండీ, నేను వచ్చేదాకా ఇంకేదీ ముట్టుకోకండి" అని పెట్టేసింది.

ముట్టుకోకుండా ఎలా? బకెట్టు కడగాలి కదా. మిగిలిన ముద్దను కామాగారు బాత్రూం తూములో పోశారు. పోలేదు. చన్నీళ్ళు గుమ్మరించారు. చన్నీళ్ళు తగిలేసరికి లోపల ఎక్కడో గట్టిగా సర్దుకుని కూర్చుంది. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. గడప దాటడానికి తొంగిచూస్తున్నాయి. ఆయన ప్లంబరుకు ఫోను చేశారు. ప్లంబరు పక్కవీధిలోనే ఉన్నాడు, పావుగంటలో వస్తానన్నాడు.

ఆ పావుగంటా చీపురుతో నీళ్ళకు అడ్డం పడి, నడుం పట్టేసి, ఆయన హాల్లోకి వచ్చారు. బాల్కనీలో కుర్చీలో మేట్రన్‌గారు వెనుదిరిగి నిటారుగా కూర్చుని ఉన్నారు.

"వచ్చేశారా అత్తగారూ" అన్నారు కామాగారు. "బాత్రూంలో కాస్త నీళ్ళు నిలిచాయి, అంతే, కంగారేం లేదు."

ఆవిడ పలకలేదు. కోపం వస్తే ఆవిడ పలకరు. ఆయన దగ్గరికి వెళ్ళి వినయంగా ముందుకు వంగి చూశారు. కోటుంది, అత్తగారు లేరు. ఎండకు ఆరి, చేతులు కుర్చీ చేతుల మీద పెట్టుకుని, భుజాలు ఎగరేసుకుని కోటు ఒక్కతే కూర్చుని ఉంది. కుర్చీ లోంచి బయటికి లాగితే అదే భంగిమలో వచ్చింది. తాడు మీద ప్యాంట్లు గాలికి ఒకదాన్నొకటి కొట్టుకుని టకటకమంటున్నాయి. మెరుపంటే ఇదా?

ప్లంబరు వచ్చాడు. తూములోకి తీగ తోసి, తిప్పి, లాగాడు. జాన పొడుగున తెల్లటి ముద్ద బయటికి వచ్చింది. దాని వెనక ఒక నిమ్మకాయ వచ్చింది.

"సార్, ఇరవయ్యేళ్ళ నించి ఈ పనిలో ఉన్నాను" అన్నాడు దాన్ని చేతిలో పట్టుకుని. "జుట్టు చూశాను, చెంచాలు చూశాను, ఒకరింట్లో కళ్ళజోడు చూశాను. ఏం వండారు సార్ ఇందులో?"

"వండడం కాదయ్యా. బట్టలకు మెరుపునీళ్ళు. మా అత్తగారి పుస్తకం. ఇదిగో, చదువు" అని కామాగారు తన ప్రతి తెచ్చి చూపించారు. తప్పు పుస్తకంలో లేదని ఎవరితోనైనా అనిపించుకోవాలని ఉంది ఆయనకు.

ప్లంబరు చేతులు తుడుచుకుని గడగడా చదివాడు. "బకెట్టు వేడినీళ్ళలో ఆరు నిమ్మకాయలు పిండి కలిపి తెల్లబట్టలు అరగంట నానబెట్టి ఆరేయాలి. బానే ఉంది కద సార్. మా ఇంట్లో కూడా ఇట్లాగే చేస్తారు. మరి మైదా ఎక్కణ్ణించి వచ్చింది?"

"పిండి అని ఉంది కదయ్యా."

"అవును సార్, పిండి." ప్లంబరు తన చేతిలో ఉన్న నిమ్మకాయను రెండు వేళ్ళతో నొక్కి చూపించాడు. "నిమ్మకాయలు పిండి."

బాత్రూంలో కొళాయి నుంచి ఒక్కో చుక్కా పడుతోంది. కామాగారు ఆ నిమ్మకాయ వంక చూస్తూ ఉండిపోయారు.

"మధ్యలో కామా ఉంది, చూడలేదా?" అన్నారు చివరికి.

"ఇదా సార్? ఎర్రగా ఉంటే దోమను చంపారేమో అనుకున్నా."

కామాగారు తడిగచ్చు మీదే కూలబడ్డారు. నిమ్మకాయలు పిండి. పిండి, కలిపి. మేట్రన్‌గారు రాసింది రసం పిండమని. పిండి డబ్బా తెరిపించింది తన కామా. నిన్న సాయంత్రం ఆ కామానే తన చేతులతో ప్రెస్సుకు ఇచ్చి వచ్చారు. పదకొండింటికి అది మిషన్ ఎక్కుతుంది. నాలుగింటి నుంచి ఆ పుస్తకం ఒక్కొక్కటిగా ఆ పిల్లలందరి ఇళ్ళకూ చేరుతుంది. రెండొందల ఇళ్ళలో రెండొందల బకెట్లు, పన్నెండొందల కప్పుల మైదా. పూడుకుపోయే తూములను ఆయన లెక్కపెట్టలేకపోయారు. 'నా పరువు మీ చేతిలో పెడుతున్నాను' అన్న మాట చెవుల్లో మోగింది. టైము చూస్తే పదీ నలభై.

ప్రెస్సుకు ఫోను చేశారు. ఓనరు ఎత్తాడు. వెనక ఏదో మిషను దడదడలాడుతోంది.

"పిండి తీసేయండి" అని అరిచారు కామాగారు. "పద్నాలుగో పేజీలో పిండి."

"ఏం వండి?"

"పిండి, పిండి. పిండి ఉండకూడదు."

"పిండివంటలా? అబ్బే, అవేం చెప్పలేదండీ. టీ, బిస్కెట్లు, అంతే. మీరు నిశ్చింతగా రండి" అని ఓనరు పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

వెళ్ళి తీరాలి. పూలనిక్కరుతో వెళ్ళడానికి వీల్లేదు. కామాగారు తాడు మీంచి ఒక ప్యాంటు దించారు. దించిన చోట అది నిలబడింది. కాళ్ళు అతుక్కుపోయి ఉంటే ప్లంబరు తన స్క్రూడ్రైవరుతో విడదీశాడు. అందులోకి ఆయన మంచం మీద నుంచి దిగవలసి వచ్చింది. చొక్కా చేతులు ముందుకు చాచి ఆరాయి, అవి అలాగే ఉన్నాయి. మోకాళ్ళు వంగవు, మోచేతులు ముడవవు. మెట్ల మీద నుంచి ఆయనను ప్లంబరు బీరువాను దించినట్టు దించాడు.

"ఆటోలో కూర్చోలేరు సార్. మన ట్రాలీబండి వెనక నిలబడండి, పైపులుంటాయి, పట్టుకోండి."

"కోటు, కోటు తీసుకురావయ్యా" అన్నారు కామాగారు. ఒట్టి మాటలతో ఓనరు మిషన్ ఆపడు. రుజువు చూపించాలి.

అలా పైపుల మధ్య కామాగారు చేతులు చాచుకుని నిలబడ్డారు, పక్కన మేట్రన్‌గారి కోటు కూర్చుంది. సిగ్నల్ దగ్గర ఒకాయన స్కూటరు ఆపి ప్లంబరును అడిగాడు. "బట్టల షాపు బొమ్మలా? ఎక్కడ దించాలి?"

"ఒకటి బొమ్మ, ఒకటి సారు" అన్నాడు ప్లంబరు. "కదిలేది సారు."

కామాగారికి ఇవేవీ వినబడటం లేదు. ఆయన మనసంతా ప్రెస్సులో ఉంది. ఆవిడ నమ్మి ఇచ్చింది ఒక్క నోటుబుక్కు. చుక్క లేకపోయినా, గీత లేకపోయినా, అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పంతా తను తెచ్చి పెట్టిందే. ముప్పై ఏళ్ళలో మొదటి తప్పు, అదీ అత్తగారి మీద.

ప్రెస్సు చేరేసరికి పదకొండూ పది. మిషన్ తిరుగుతూనే ఉంది. కాగితాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. మేట్రన్‌గారు కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా చూస్తున్నారు. పక్కన ఇంటావిడ. గుమ్మంలోంచి పక్కవాటుగా లోపలికి వచ్చిన మొగుణ్ణి చూసి ఆవిడ లేచి నిలబడింది.

కామాగారు చాచిన చేత్తో గోడకున్న మెయిన్ స్విచ్ దించేశారు. మిషన్ మూలిగి ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. డీటీపీ గదిలో కంప్యూటరు కూడా చల్లబడింది.

"అయ్యో, అయ్యో, కాగితం ఇరుక్కుంటుందండీ" అని ఓనరు పరిగెత్తుకొచ్చాడు.

"ఇరుక్కోనివ్వండి. అవన్నీ చించేయాలి" అన్నారు కామాగారు. "అత్తగారూ, తప్పు జరిగింది. మీది కాదు, నాది. పద్నాలుగో పేజీలో మీరు నిమ్మకాయలు పిండమన్నారు. నేను కామా పెట్టి మైదా పోయించాను. మీ పరువు తీశాను. నన్ను ఏమన్నా అనండి, ఆ కాగితాలు మాత్రం బయటికి పోనివ్వకండి."

గుమ్మం దగ్గర ప్లంబరు కోటును జాగ్రత్తగా ఒక కుర్చీలో కూర్చోబెట్టాడు. మేట్రన్‌గారు ఒకసారి కోటును, ఒకసారి అల్లుణ్ణి చూశారు.

డీటీపీ ఆవిడ గదిలోంచి వచ్చింది. ఆవిడ ఆ ప్రెస్సులో కంప్యూటరు వచ్చిన రోజు నుంచీ ఉంది. మిషన్ పక్కన పడ్డ కాగితాల్లోంచి ఒకటి తీసి కామాగారి ముఖం ముందు పట్టుకుంది, ఆయన చెయ్యి ముడవదని చూడగానే గ్రహించి.

"చదవండి అన్నయ్యగారూ."

చదివారు. 'బకెట్టు వేడినీళ్ళలో ఆరు నిమ్మకాయలు పిండి కలిపి తెల్లబట్టలు అరగంట నానబెట్టి ఆరేయాలి.' మళ్ళీ చదివారు. దగ్గరికి తెమ్మని మళ్ళీ చదివారు. కామా లేదు. ఆ వాక్యంలో ఆయన పెట్టిన మూడు కామాల్లో ఒక్కటీ లేదు.

"నా కామా ఏదమ్మా?"

"ఎక్కించలేదండీ."

"మర్చిపోయావా?"

"లేదండీ." ఆవిడ కాగితం అంచు సర్దింది. "మీరు పెట్టే కామాల్లో కావలసినవే ఎక్కిస్తాను. మిగతావి వదిలేస్తాను."

"ఎప్పట్నించి?"

"చేరిన రెండో నెల నించి. పందొమ్మిదేళ్ళయింది."

కామాగారు ఓనరు వంక చూశారు. ఓనరు ఫ్యాను వంక చూశాడు. అంటే అందరికీ తెలుసు. పందొమ్మిదేళ్ళుగా తన పేరు మీద తప్పు లేని పుస్తకాలు వస్తున్నాయంటే, తను దిద్దినవి ఈ ఆడకూతురు మళ్ళీ దిద్దుతోందన్నమాట. అత్తగారి పరువు దక్కినందుకు ఆయనకు పట్టలేనంత సంతోషం కలిగింది. తన పరువు ఏ తూములో పోయిందో తెలిసినందుకు ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో కళ్ళు తుడుచుకోవాలనుకున్నారు. చెయ్యి ముఖం దాకా రాలేదు. ఇంటావిడ వచ్చి తన కొంగుతో తుడిచింది.

"పాలచీటీ రోజే చెప్పాను" అంది మెల్లిగా.

"అన్నయ్యగారూ, అలా చిన్నబుచ్చుకోకండి" అంది డీటీపీ ఆవిడ. "ఈ పుస్తకంలోనే 'కప్పు సోడా' అని ఉంటే నేను 'కుప్ప సోడా' అని కొట్టాను. మూడుసార్లు చూసుకున్నా నాకు కనబళ్ళేదు. మీకు ఒక్కసారికే కనబడింది. అది మీరు పట్టకపోతే ఆ పిల్లల చేతులు ఊడిపోయేవి. మీ కళ్ళు లేకపోతే ఈ ప్రెస్సు లేదండీ. మీ కామాలంటారా..." అని ఆగి, తగిన మాట దొరక్క, వెళ్ళి మెయిన్ స్విచ్ ఎత్తింది.

మిషన్ మళ్ళీ తిరిగింది. మేట్రన్‌గారు లేచి అల్లుడి దగ్గరికి వచ్చారు. ప్యాంటును వేలి కణుపుతో తట్టారు. తలుపు మీద తట్టినట్టు చప్పుడయింది.

"ఎన్ని కప్పులు పోశారు?"

"ఆరండీ."

"రెండొందల మంది గౌన్లకు గంజి పెట్టడానికి కూడా నేను అంత వాడలేదు." మేట్రన్‌గారు మళ్ళీ కోటు వంక చూశారు. "నా పుస్తకం చదివే చేశారా ఇదంతా?"

"కాదండీ. నాది చదివి చేశాను."

మేట్రన్‌గారు నవ్వారు. ఇరవై ఆరేళ్ళలో అల్లుడి ఎదుట ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మిషన్ నడిపే మనిషి తిరిగి చూశాడు. నవ్వు తగ్గాక ఆవిడ గొంతు మారింది.

"ఈ అవతారంలో, ఆ బండెక్కి, నడివీధిలో నిలబడి వచ్చారా, నా పుస్తకం పాడవకూడదని?"

కామాగారు తలవంచుకోబోయారు. కాలరు వంగనివ్వలేదు. "మీరు నా చేతిలో పెట్టారు కదండీ" అన్నారు ఎదురుగా చూస్తూనే.

మేట్రన్‌గారు కుర్చీలో ఉన్న కోటును తీసుకున్నారు. చేతుల్లోకి చేతులు దూర్చితే కాగితం చింపినట్టు శబ్దం చేస్తూ దారి ఇచ్చింది. బొత్తాలు పెట్టుకుని, అద్దం లేక ఓనరు గది కిటికీలో చూసుకున్నారు. "హాస్టల్లో ఉన్నప్పుడు కూడా ఇంత బిర్రుగా లేదు" అన్నారు.

"తడిపితే మెత్తబడతాయేమోనమ్మా, ఈయన బట్టలు" అంది ఇంటావిడ.

"తడిబట్టలతో సభకు వస్తారా? ఉండనీ."

మార్చుకుందామంటే ఇంట్లో ఉన్న రెండు జతలూ ఈ మెరుపునీళ్ళలోవే. నాలుగింటికి ఊళ్ళో ఉన్న పాత పిల్లలంతా వచ్చారు. కుర్చీలు చాలక ఇంకో పది తెప్పించారు. పుస్తకం విప్పిన ప్రతివాళ్ళూ, మేట్రన్‌గారు పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది అన్నారు. కామాగారిని కూర్చోమని ముగ్గురు లేచి కుర్చీ ఇవ్వబోయారు. ఆయన ప్రతిసారీ చాచిన చేతులతోనే వద్దని వారించారు. అత్తగారి మీద గౌరవంతో సభ ముగిసేదాకా చేతులు చాచి నిలబడే ఉన్న అల్లుణ్ణి ఈ కాలంలో ఎక్కడా చూడలేదని వచ్చినవాళ్ళంతా చెప్పుకున్నారు; మేట్రన్‌గారు కాదనలేదు.